సుగుణకు రాసిన జవాబు

పదకొండేళ్లుగా నేను ఒక ఉత్తరాన్ని మోస్తున్నాను. కాగితం ఇప్పుడు లేదు. నా చేతులతో నేనే చింపేశాను. అయినా అందులోని ప్రతి మాటా నాకు కంఠతా వచ్చు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాననుకుంటాను. నా పేరు రాయను. పుస్తకాల పేర్లూ రాయను. చదివినవాళ్లు ఎవరైనా గుర్తుపడితే పట్టనివ్వండి.

నేను పిల్లలకు మాయల కథలు రాస్తాను. తమిళనాడులోని హోసూరులో తెలుగు టీచరుగా పనిచేస్తూ, మూకండపల్లి ఇంట్లో మా ఆయన షిఫ్టుకు పోయాక వంటింటి బల్ల మీద కూర్చుని రాసేదాన్ని. మొదటి నవల ఎవరూ వేయలేదు. రెండోది విజయవాడలో ఒకాయన వేశారు, కట్టలు కట్టలుగా మిగిలిపోయింది. మూడోది పిల్లలకు నచ్చింది. అందులో ఒక కొండరాజ్యం ఉంది. ఆ రాజ్యంలో పుట్టిన ప్రతి ఏనుగుకూ తల్లి చెవిలో ఒక రహస్యమైన పేరు చెబుతుంది. ఆ పేరు తెలిసిన మనిషి కదలకుండా నిలబడి మూడుసార్లు పలికితే, ఎంత మదించిన ఏనుగైనా తల వంచి వెనక్కి తిరిగిపోతుంది. పేర్లన్నీ తెలిసింది అక్కడి ముసలావిడ కొండబామ్మ ఒక్కతికే.

పుస్తకం చివర ‘కొండబామ్మకు ఉత్తరం రాయండి’ అని మా బడి చిరునామా వేశారు. పిల్లలు రాశారు. నేను ప్రతి ఒక్కరికీ కొండబామ్మలాగే జవాబు రాసి, కింద కొండబామ్మ అనే సంతకం పెట్టేదాన్ని. నవల రాయడం కన్నా నాకు అదే ఎక్కువ ఇష్టంగా ఉండేది. ఎందుకని? నన్ను నమ్మేవాళ్లు ఉన్నారని ప్రతి కవరూ నాకు చెప్పేది కాబట్టి.

సుగుణ ఉత్తరం డెంకణికోట అవతల, అడవి అంచున ఉన్న ఒక పల్లె నుంచి వచ్చింది. ఆ బడికి నేనే వెళ్లి పుస్తకాలు పంచి వచ్చాను. నాలుగో తరగతి పిల్ల. గీతల కాగితం మీద పెద్ద పెద్ద అక్షరాలు.

“కొండబామ్మా, మా రాగిచేన్లోకి ఏనుగులు వస్తా ఉండాయి. మా తాత మంచె మీద కావిలి కాస్తా ఉండాడు. చలికి దగ్గుతా ఉండాడు. వాటిలో పెద్దదానికి ఒక దంతమే ఉంది. దాని పేరు చెప్తే నేనే పంపించేస్తాను.”

అది చదివాక నా పెన్ను ఆగింది. ఇది మీరు తెలుసుకోవాలి. ఆగింది. మిగతా పిల్లలు కొండరాజ్యం గురించి అడిగారు, ఈ పిల్ల తన చేని గురించి అడుగుతోంది. రాగి కోతల కాలం వస్తే ఏనుగులు ఎవరినో ఒకరిని తొక్కిన వార్త మా స్టాఫ్ రూములో ఏటా చదువుకునేవాళ్లమే. నేను తెలియక రాయలేదు. మరి ఎందుకు రాశాను? ‘అది ఉత్త కథమ్మా, నువ్వు ఇల్లు కదలొద్దు’ అని ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. కానీ ఆ పిల్ల దృష్టిలో నా పుస్తకం అబద్ధమైపోవడం నాకు ఇష్టం లేకపోయింది. ఎన్ని విధాలుగా తిప్పి చూసుకున్నా ఇంతకు మించిన కారణం నాకు దొరకలేదు.

‘దాని పేరు వెన్నెలదొర’ అని రాశాను. ‘భయపడకుండా నిలబడి మూడుసార్లు పిలువు. ఎవరికీ చెప్పకు. చెబితే పేరు పనిచేయదు.’

కొన్ని వారాల తరువాత స్టాఫ్ రూములో తమిళ పేపరులో ఒక మూల చిన్న వార్త చూశాను. ఆ పల్లె పేరే. తెల్లవారుజామున చేన్లో ఏనుగుకు అడ్డంగా నిలబడిన మనవరాలిని లాగబోయి ముసలాయన చనిపోయాడు. పిల్లకు చెయ్యి విరిగింది. నేను పేపరు మడిచి పక్కన పెట్టి, ఆరో తరగతికి వెళ్లి సంధులు చెప్పాను. ఒక్క తప్పు లేకుండా చెప్పాను.

పదకొండో రోజు ఆ ఊరికి వెళ్లాను. పుస్తకాలు పంచిన టీచరమ్మ పరామర్శకు వచ్చిందని ఇంటివాళ్లు చాప వేసి కూర్చోబెట్టారు. సుగుణ తల్లి మునెమ్మ దూరంగా గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఎవరూ ఆమెతో మాట్లాడటం లేదు. ఆమె అత్తగారే నాకు చెప్పింది. “ఆవు పాలు పిండేదానికి పోతా వాకిలి తీసి పెట్టేసి పోయింది తల్లీ ఇది. గొళ్లెం వేసుంటే పిల్ల బయటికి పోతుండిందా? మా ముసలాయన పోతుండినాడా?” మునెమ్మ తల ఎత్తలేదు. “నాదే తప్పు” అంది. కాదని నేను అనాలి. నోట్లో మాట ఉంది. టీ ఇచ్చారు, తాగాను.

సుగుణ ఒక చేతికి కట్టుతో గడ్డివామి వెనక నిలబడి నన్ను రెండో చేత్తో పిలిచింది. వెళ్లాను.

“టీచరమ్మా, నేను రెండుసార్లే అన్నాను.”

“ఏమన్నావు?”

“ఆ పేరు. రెండుసార్లు అన్నాను. అది దగ్గరికి వచ్చేసింది. మూడోసారికి నోరు రాలేదు. తాత అరుస్తా పరిగెత్తుకుంటా వచ్చినాడు.” ఆ పిల్ల ఏడవలేదు. లెక్క తప్పిన పిల్ల టీచరు ముందు నిలబడినట్టు నిలబడింది. “మూడోసారి అనుంటే అది తిరుక్కొని పోతుండె కదా? కొండబామ్మ మీకు తెలుసు కదా, అడిగి చెప్పండి.”

ఒక్క మాట చాలు. కొండబామ్మ లేదు, ఆ పేరు లేదు, ముప్పైసార్లు పిలిచినా అది ఆగదు, నీ తప్పు ఏమీ లేదు. నేను అడిగింది ఏమిటో తెలుసా?

“ఆ ఉత్తరం యాడ పెట్టినావు?”

ఇంట్లోకి పోయి పుస్తకాల సంచిలో నుంచి తెచ్చి ఇచ్చింది. నాలుగు మడతలు. నా అక్షరాలు. “దీన్ని నేను తీసుకొని పోతాను. ఎవరికైనా చెప్పినావా?” అన్నాను.

“లేదు. చెబితే పనిచెయ్యదని కొండబామ్మ రాసింది కదా.”

డెంకణికోట బస్టాండులో, హోసూరు బస్సు వచ్చేలోగా, ఆ ఉత్తరాన్ని ముక్కలు చేసి మురిక్కాలవలో వేశాను. ఒక ముక్క చేతికి అంటుకుంటే విదిలించాను. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. నిద్ర కూడా పోయాను. ఇది రాయడానికే నాకు అన్నిటికన్నా సిగ్గుగా ఉంది.

ఆ తరువాత నేను ఐదు నవలలు రాశాను. వాటిలో ఎక్కడా ఏనుగు లేదు. పిల్లలకు జవాబులు రాయడం మానేశాను, తీరిక లేదని చెప్పాను. ఒక సన్మానం కూడా జరిగింది. వేదిక మీద, పిల్లల నమ్మకం చాలా పవిత్రమైనదని మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. నాకేమైనా అయిందా? ఏమీ కాలేదు. శాలువా మడిచి బీరువాలో పెట్టాను.

మునెమ్మకు అయింది. ఆ ఏడాది తిరక్కుండానే భర్త ఆమెను అంచెట్టి పక్కన పుట్టింటికి పంపేశాడు. ఆ పల్లె బడి టీచరు ఒక శిక్షణలో కలిసినప్పుడు చెప్పాడు. అంచెట్టి ఎంత దూరమని? ఒక రోజులో వెళ్లి రావచ్చు. సెలవు ఉంది. నేను వెళ్లలేదు.

పోయిన నెల మా వీధి చివర, కంపెనీ బస్సు కోసం నిలబడిన ఆడపిల్లల్లో ఒకతె నన్ను పలకరించింది. నీలం కోటు, మెడలో ఐడీ కార్డు. చెయ్యి కొంచెం వంకరగా ఉండబట్టి గుర్తుపట్టాను. “బాగుండారా టీచరమ్మా? ఇంకా కథలు రాస్తా ఉండారా?” అంది. అమ్మ ఎలా ఉందని అడిగాను. “ఆడనే ఉంది. నాయన పిలుచుకోలేదు” అని ఆగి, చాలా మామూలుగా, “నేను ఆ పొద్దు సరిగ్గా నిలబడి ఉంటే మా అమ్మకు ఈ గతి పట్టుండదు” అంది. బస్సు రావడానికి ఇంకా సమయం ఉంది. ఇద్దరం నిలబడే ఉన్నాం. నేను వాతావరణం గురించి మాట్లాడాను. ఆమె ఎక్కి వెళ్లిపోయింది.

తనకు తొమ్మిదేళ్లప్పుడు నేను రాసిన మాటను ఆ పిల్ల ఇరవయ్యో ఏట కూడా నమ్ముతోంది. ఇంతగా నమ్మిన పాఠకురాలు నాకు మరొకరు లేరు.

అందుకే ఇది రాశాను. మూడు రోజులు పట్టింది. రెండుసార్లు చింపాను. ఒకసారి మునెమ్మ అత్తగారి మాట కటువుగా ఉండేట్టు మార్చాను, నా తప్పు కొంత ఆమె మీదికి పోతుందేమోనని. మళ్లీ కొట్టేసి, ఆమె అన్నది అన్నట్టే రాశాను. మీరు నన్ను క్షమించాలని అడగను. క్షమించే హక్కున్న ఇద్దరూ వేరే ఉన్నారు. వాళ్లను అడిగే ధైర్యం నాకు వస్తుందో రాదో ఈ క్షణాన చెప్పలేను.

మునెమ్మకు చదువు రాదు. ఈ కాగితాలు పోస్టులో పంపితే సరిపోదు. ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని చదివి వినిపించాలి. రాస్తున్నంతసేపూ ఈ సంగతి నాకు తట్టలేదు, ఇప్పుడే తట్టింది. పొద్దున కూర్చున్నప్పటి కన్నా ఊపిరి కాస్త సులువుగా ఆడుతోంది. ఆ ఉత్తరం రాసింది నేనేనని, నాకు కాక ఇంకొక మనిషికి ఇప్పుడు తెలుసు.