పక్క బల్లావిడ పాస్‌వర్డ్

కాట్రేనికోనలో రొయ్యల వ్యాపారం చేసే ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునేదాన్ని. సర్వర్ మొరాయిస్తే అందరూ నా బల్ల దగ్గరికే వచ్చేవారు. ఆవిడ చేరాక ఆ రాకపోకలు పక్క బల్లకి మళ్ళాయి.

ఆవిడ బెంగళూరులో ఉద్యోగం చేసి, పెళ్ళయ్యాక మా పక్కనున్న అమలాపురం వచ్చింది. రోజూ నేను కూర్చుని తీసే బ్యాకప్ దానంతటదే జరిగేలా వచ్చీరాగానే ప్రోగ్రాం రాసేసింది. "మేడంగారు వచ్చేక నాకు నిశ్చింతగా ఉందండీ" అన్నారు ఓనరుగారు, నా ఎదుటే. ఆ మధ్యాహ్నం క్యారేజీలో చేపల పులుసు సహించలేదు. ఆవిడ నవ్వు, కీబోర్డు వైపు చూడకుండా టైపు చేయడం, అన్నీ నాకు కంటగింపే.

ఒకరోజు సర్వర్ బాగా నెమ్మదించింది. ఏమేం నడుస్తున్నాయో చూద్దామని 'పీఎస్' కమాండ్ కొట్టాను. వచ్చిన వరుసల్లో ఆవిడ బ్యాకప్ కమాండ్ ఉంది. దాని పక్కనే డేటాబేస్ పాస్‌వర్డ్, అక్షరం పొల్లుపోకుండా! కమాండ్‌లోనే పాస్‌వర్డ్ రాసేసిందన్నమాట. అలా రాస్తే, అది నడుస్తున్నంతసేపూ ఆ సర్వర్‌లో లాగిన్ అయిన ఎవరైనా చదువుకోవచ్చు. మా తూకం గుమాస్తాకి కూడా లాగిన్ ఉంది.

ఇన్నాళ్ళకి దొరికిందనుకున్నాను. ఓనరుగారు గదిలోంచి బయటికి వచ్చేదాకా ఆగి, "ఏవండీ, మన పాస్‌వర్డ్ అందరికీ కనబడిపోతోందండీ" అన్నాను, గొంతు పెంచే.

ఆవిడ లేచి వచ్చి నా తెర చూసింది. "అయ్యో, నిజమేనండీ! నాదే పొరపాటు" అంటూ కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చుంది. "సర్దేద్దాం, సాయం చేస్తారా?"

ముందు పాస్‌వర్డ్ మార్చాం. కొత్తదాన్ని విడిగా ఒక ఫైల్లో పెట్టి, బ్యాకప్ నడిపే ఖాతా తప్ప ఇంకెవరూ దాన్ని తెరవకుండా అనుమతులు తీసేశాం. కమాండ్‌లో ఇక ఆ ఫైలు పేరే ఉంటుంది. మళ్ళీ పీఎస్ కొట్టి చూస్తే పాస్‌వర్డ్ జాడ లేదు.

"ఈవిడ చూడకపోతే మునిగిపోయేవాళ్ళమండీ" అంది ఆవిడ ఓనరుగారితో.

"ఆయ్, మంచి పని చేసేరండీ" అన్నారాయన నాతో. వెంటనే ఆవిడ వైపు తిరిగి, "తప్పు ఒప్పుకోడానికి ఎంత పెద్ద మనసుండాలండీ! మీరు దొరకడం మా అదృష్టం" అన్నారు.

పట్టుకున్నది నేను, మెప్పు ఆవిడకి. బస్సులో ఇంటిదాకా ఉడికిపోతూనే వచ్చాను. జరిగిందంతా చెబితే మా ఆయన, "ఎంత మంచి మనిషోనే ఆవిడ" అన్నారు.

ఆ పూట ఆయనే వడ్డించుకుని తిన్నారు.