నేను అడిగించిన ప్రమాణం

పన్నెండేళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. పెద్ద మాటేమీ కాదు. అందులో అబద్ధం కూడా లేదు. అబద్ధమైతే ఏనాడో ఎవరో పట్టుకుని ఉండేవారు, నేనూ నాలుగు తిట్లు తిని తేలికపడేదాన్ని. మీరు మా ఊరివాళ్లు కారు. అందుకే మీకు చెబుతున్నాను.

ఆ ఏడు కంబదూరు పక్క మా చేలల్లో విత్తిన వేరుశనగ విత్తినట్టే మాడిపోయింది. మా బావగారి బోరులో కాస్త నీళ్లుండి, ఆయనది అర ఎకరా మాత్రం పచ్చగా నిలిచింది. మా ఇంట్లో చూడి ఆవు ఒకటి. దాని పక్కటెముకలు దూరం నుంచే కనబడేవి. మేత అడిగితే బావగారు తన ఎద్దులకే చాలదన్నారు. నిజంగానే చాలదు. ఒక మధ్యాహ్నం ఊరంతా ఎవరిదో చావుకు పోయింది. నేను పలుపు విప్పి ఆవును ఆ చేలోకి తోలాను. తిన్నంత తిన్నది, మిగిలింది తొక్కింది. గట్టు మీద కూర్చుని చూశాను. సంతోషమేసింది. అదెందుకు దాచాలి? తర్వాత ముళ్లకంప ఈడ్చి దాని అడుగులు చెరిపాను.

పక్క చేలో కరియప్ప గొర్రెల మంద దిగి ఉంది. మడకశిర అవతలి నుంచి ఏటా వచ్చి, ఎరువు కోసం మా పొలాల్లో మంద కట్టేవాడు. వాళ్ల నాయన కాలం నుంచీ అంతే. అనుమానం అతని మీదికే పోయింది. అడుగులు చెరిపింది కూడా అతనే అన్నారు.

మర్నాడు ఆంజనేయస్వామి గుడి ముందు అడిగారు. నా గొర్రె అందులో అడుగు పెట్టలేదన్నాడు. చూసినవాళ్లు లేరు. బావగారే మెత్తబడి, పోనీలే అనబోయారు. అంతటితో అయిపోయేది. ఆడవాళ్ల వెనక నుంచి నేను నోరు విప్పాను.

"కర్పూరం ఆర్పి ప్రమాణం చేయమనండి. నిజమేందో తేలిపోతాది."

ఇదే ఆ మాట. ఇందులో అబద్ధం ఎక్కడుంది?

కానీ నాకు తెలుసు. అంతకు రెండేళ్ల ముందు మా వాకిట్లో మజ్జిగ తాగుతూ అతనే చెప్పాడు. తమ వాళ్లు నిజానికైనా ప్రమాణం చేయరట, చేస్తే మంద నిలవదట, మనిషి మాటకు దేవుణ్ణి జామీను అడగడమే తప్పట. మాలో నిజాయితీపరుడు ముందుకొచ్చి కర్పూరం ఆర్పుతాడు. వాళ్లలో నిజాయితీపరుడు ఆ దరిదాపులకే పోడు. ఈ సంగతి ఊళ్లో నా ఒక్కదానికే తెలుసు. తెలిసే అన్నాను.

"నా మాట చెప్పినా సామీ. ఆన పెట్టను," అన్నాడు కరియప్ప.

ఇంకేముంది, దొంగ అయిపోయాడు. తప్పు కింద రెండు గొర్రెలు పట్టుకున్నారు. తొట్టిలో మందకు నీళ్లు ఆపారు. ఆ ఎండలో దప్పికతోనే గొర్రెలను తోలుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఆదివారం బావగారు ఒక గొర్రెను కోసి మాకూ ఒక వాటా పంపారు. వండాను. తిన్నాను.

నేను అబద్ధమాడలేదు, అతన్ని దొంగ అనలేదు, ఊరి ఆచారమే కదా అడిగాను అని ఎన్నిసార్లు నాకు నేను చెప్పుకున్నానో. ఆవు ఆకలి చూడలేక చేసిన పనికి ఎవరైనా క్షమిస్తారేమో. గుడి ముందు నాకు ఏ ఆకలి ఉంది?

పోయినేడు మడకశిర బస్టాండులో కనబడ్డాడు. జుట్టంతా తెల్లబడింది. చేతిలో కట్టె లేదు. నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చాడు.

"ఆ పొద్దు చేలో మేసిన మీ ఆవు, ఈనిందా అమ్మా?"

అంటే చూశాడు. ఆ రోజు గుడి ముందు నిలబడినప్పుడూ అతనికి తెలుసు. మరి ఎందుకు చెప్పలేదు? మజ్జిగ పోసిన ఇంటిని బజారుకీడ్చడం కూడా వాళ్లలో తప్పేమో. ఆవును చూసి జాలిపడ్డాడేమో. అడగలేకపోయాను. క్షమించమనీ అనలేకపోయాను. "ఈనింది," అన్నాను. అదీ నిజమే. బస్సు వస్తే ఎక్కేశాను.

బావగారు ఇప్పటికీ అతన్ని దొంగ అనే అనుకుంటున్నారు. రేపు పోయి ఆయనకు చెబుతానని మీకు మాట ఇవ్వలేను. అంత ధైర్యం నాకింకా రాలేదు. ఇది మాత్రం రాయగలిగాను, గుండె మీది నుంచి కాస్త దిగింది. నమ్మకపోతే మానండి, ప్రమాణం మాత్రం అడగకండి. ఆవును విప్పింది నేను.