మూడోరోజు కలిపిన ద్రాక్షరసం

కోటిరత్నం చెయ్యి పడిన జాడీ బూజు పట్టదని ఊళ్ళో పేరు. మార్టూరుకు నాలుగు మైళ్ళ దూరంలో ఉండే ఆ పల్లెలో మామిడికాయ దిగిందంటే చాలు, ఆవకాయ కలపడానికి ఆమెను ఎవరు ముందు పిలుచుకుపోతారా అని ఇళ్ళ మధ్య పోటీ. ఆమె చదివింది మూడో తరగతి. అయినా ఎన్ని కాయలకు ఎంత ఉప్పు, ఏ జాడీకి చెమ్మ తగులుతుంది, మూతికి వాసెన గుడ్డ ఎంత బిగించి కట్టాలి, అన్నీ ఆమెనడిగే చేసేవాళ్ళు. ఇప్పుడు ఎవరైనా ఆ మాటెత్తితే లేచి పెరట్లోకి పోతుంది.

ఆమె కాపరానికి వచ్చేనాటికి మరిది బుల్లయ్యకు తొమ్మిదేళ్ళు. అత్త లేని ఇల్లు. వాడికి తలంటింది ఆమే, గోరుముద్దలు పెట్టింది ఆమే, బడి ఎగ్గొడితే చింతబరికె పట్టింది ఆమే. తనకు కడుపు పండలేదు. ఉన్న ప్రేమంతా ఆ పిల్లాడి మీదే కుమ్మరించింది. పెద్దయ్యాక సుబ్బరావమ్మను చూసి పెళ్ళి చేసి, గోడ అవతల వాటాలో కాపరం పెట్టించింది.

రెండేళ్ళు వరసగా పత్తికి పురుగు పట్టేసరికి బుల్లయ్య సారాకు మరిగాడు. ఆరేళ్ళు తాగాడు. పచ్చకామెర్లు వచ్చి కళ్ళు పసుపుముద్దలైతే గుంటూరు తీసుకుపోయారు. అక్కడ డాక్టరు తేల్చి చెప్పాడు.

"కాలేయం చెడింది. ఇంకొక్క చుక్క లోపలికి పోయిందంటే ఇతన్ని నా దగ్గరికి తేవద్దు. తెచ్చినా లాభం లేదు."

బుల్లయ్య కోటప్పకొండ ఎక్కి ఒట్టేసి వచ్చాడు. పది నెలలు మాట మీద నిలబడ్డాడు. కానీ అన్నం సయించేది కాదు. రెండు ముద్దలు తిని కంచం నెట్టేసేవాడు. భుజాలు బుడిపెలు తేలి, చొక్కా కొయ్యకు తగిలించినట్టుండేది.

ఊరి చివర పేటలో ఇమ్మానియేలు ఉండేవాడు. మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. సూది మందు కావాలంటే అందరూ అతనికే కబురు పెట్టేవాళ్ళు.

"అన్నం పోకపోతే పళ్ళరసం పట్టించండమ్మా. ద్రాక్ష మంచిది" అన్నాడు.

"రోజూ గుంటూరు పోయి పళ్ళెవరు తెస్తారు ఇమ్మానియేలూ? ఒక్కసారే తెప్పించి రసం తీసి నిలవపెడతాలే."

అతను సైకిలెక్కబోతున్నవాడు ఆగాడు. "పచ్చిరసం నిలవపెడితే పులుస్తుందమ్మా! క్రిస్మసుకు మేం వైను చేసుకునేది అట్టాగే. బుల్లయ్యగారికి అది తగలకూడదు. రసం ఆవిరి మీద తియ్యాలి."

వాకిట్లో పుల్లతో బొమ్మ గీసి చూపించాడు. ఒకదాని మీద ఒకటి మూడు గిన్నెలు. అడుగుదాంట్లో నీళ్ళు. పైదానికి చిల్లులు, అందులో పళ్ళు. ఆవిరికి పళ్ళు ఉడికి రసం నడిమి గిన్నెలోకి దిగుతుంది. దానికున్న రబ్బరు గొట్టం తిప్పి, పొగలు కక్కే రసాన్ని అట్టాగే సీసాల్లో పట్టి బిరడా బిగిస్తే ఆర్నెల్లయినా తియ్యగానే ఉంటుంది. ఆసుపత్రిలో పనిచేసిన దొరసాని నర్సమ్మ వెళ్ళిపోతూ అలాంటి పాత్ర ఒకటి ఇమ్మానియేలు వాళ్ళింటికి ఇచ్చిపోయిందట.

మిరపకాయల లారీ గుంటూరు పోయిన రోజు కోటిరత్నం భర్త యలమందయ్యతో కలిసి వెళ్ళింది. పాత్రల కొట్టు జాన్ బాషా అటక మీంచి ఒకటి దించాడు.

"ఇడ్లీపాత్రకు అప్పగారమ్మా ఇది! ఇది సత్తుది. ఇప్పుడే పట్టుకుపోవచ్చు. స్టీలుదైతే మద్రాసు నుంచి తెప్పించాలి, నెల పడుతుంది."

"ద్రాక్షకాయలు పిండడానికి నీకు చేతుల్లేవటే?" అన్నాడు యలమందయ్య.

"చేత్తో పిండింది నిలవుండదు. సత్తుదీ వద్దు, పులుపు తగిలితే సత్తు కరిగి రసంలో దిగుతుందని ఇమ్మానియేలు చెప్పాడు. పోయేది వాడి కడుపులోకి" అంది ఆమె. సత్తుదాన్ని వేలితో తట్టి చూసి, పక్కన పెట్టి, స్టీలుదే తెప్పించమంది.

"కొనేదానికి తెలివుండాలయ్యా. మీ ఆవిడకు ఉంది" అని జాన్ బాషా మెచ్చుకున్నాడు.

అక్కడిదాకా బాగానే ఉంది. కానీ మార్కెట్లో నల్లద్రాక్ష నవనవలాడుతూ కనబడేసరికి ఆగలేక ఆ రోజే పెద్ద గంప ఎత్తించింది.

మర్నాడు పొద్దున్నే సంగతి తెలిసి ఇమ్మానియేలు వచ్చాడు. సైకిలు వెనక గోతంలో ఏదో కట్టుకొచ్చాడు.

"పళ్ళు నెల ఆగవు కదమ్మా. మీది వచ్చిందాకా మాది వాడుకోండి. మా ఆవిడ చింతపండేసి తోమింది."

కోటిరత్నం గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆ గిన్నెలు ఎవరి పొయ్యి ఎక్కాయో, వాటిలో ఏమేం ఉడికాయో! అవి తన వంటింట్లోకి వస్తే ఆవకాయకు పిలిచే ఇల్లాళ్ళు రేపు తన చెయ్యి తగలనిస్తారా?

"ఎందుకులే ఇమ్మానియేలూ, మీకు శ్రమ."

"శ్రమేం లేదమ్మా."

"వద్దులే."

అతనికి అర్థమైంది. "సరేనమ్మా" అని గోతం మళ్ళీ కట్టుకున్నాడు. తాడు ముడి ఒక పట్టాన పడలేదు. అంతసేపూ ఆమె గుమ్మంలోంచి చూస్తూనే ఉంది కానీ, లోపలికి రమ్మనలేదు.

ఇక తనకు తెలిసిన పనే చేసింది. ద్రాక్షలు కడిగి, తడి లేకుండా గుడ్డ మీద ఆరబోసి, చేత్తో చిదిమి, పంచదార కలిపి పెద్ద జాడీకి ఎత్తింది. వాసెన కట్టింది. మూడోరోజు పొద్దున వాసెన విప్పి అడుగు నుంచి పైకి తిరగ కలిపింది. ఆవకాయను మూడోనాడు కలపాలి కదా, ఆమె చెయ్యి ఊరుకోలేదు. పైన నురుగు కనబడితే ఊట దిగిందనుకుని సంతోషించింది. పులుస్తుందన్న మాట గుర్తుకు రాలేదా అంటే, వచ్చింది. చేతకానివాళ్ళ జాడీల్లో పులుస్తుంది, నా జాడీలో ఎందుకు పులుస్తుంది అనుకుంది.

నాలుగోరోజు నుంచి సాయంత్రమయ్యేసరికి బుల్లయ్య గోడ దాటి వచ్చేవాడు. వడకట్టి గ్లాసెడు ఇచ్చేది. మొదట్లో పెద్దమనిషిలా తాగి మూతి తుడుచుకుని పోయేవాడు. రెండుమూడు రోజులకు రాగం మారింది.

"వదినా, నీ చేతిలో ఏదో మందుందే."

"మందు కాదురా, పళ్ళు."

"ఏదైతేనేం. గోంగూరుందా? రెండు ముద్దలు పెట్టు."

రెండు ముద్దలన్నవాడు కంచం ఊడ్చేవాడు. గోడ అవతల నుంచి సుబ్బరావమ్మ కేకేసేది. "అక్కా, మీ మరిది పాట ఎత్తుకున్నాడు! గేదె తాడు తెంపుకునేట్టుంది!" ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. ఆ ఇంట్లో నవ్వు వినపడి ఎన్నాళ్ళయిందో.

ఎనిమిదోరోజు గరిటె కడగబోతూ అంటుకున్నది నాకింది. తీపి వెనక చురుక్కుమంది. వాసన చూసింది. ఆరేళ్ళపాటు బుల్లయ్యకంటే ముందు గడప దాటి లోపలికొచ్చిన వాసనకు ఇది చెల్లెలు. అయినా కోటిరత్నం చేతులు వాసెన మళ్ళీ కట్టేశాయి.

ఆ సాయంత్రం పారబోద్దామనే అనుకుంది. వాడు వచ్చి పీట వాల్చుకుని "ఆకలేస్తోంది వదినా" అన్నాడు. ఆకలి అన్న మాట వాడి నోట పది నెలలకు విన్నది. గ్లాసు నింపింది. రేపు పారబోస్తాలే అనుకుంది. మర్నాడూ అదే. ఇది సారా కాదుగా, ద్రాక్షేగా, ఒంటికి పడుతోందిగా అని తనకు తానే చెప్పుకుంది. ఇమ్మానియేలును అడిగితే ఒక్క మాటలో తేలిపోయేది. ఏ మొహంతో అడుగుతుంది?

పదమూడోరోజుకు జాడీ అడుగంటింది. ఆ మర్నాడు సాయంత్రం బుల్లయ్య గోడ దాటి రాలేదు. సారా కొట్టు దారి పట్టాడు. చీకటి పడే వేళకు అంకయ్య అతన్ని బండి మీద వేసుకొచ్చాడు. పాత రోజుల్లో ఇద్దరూ కలిసి తాగినవాళ్ళు. "పత్తిచేను గట్టు మీద పడున్నాడు, నేను చూసి తెచ్చా" అంటే ఎవరూ నమ్మలేదు. ఆరు రోజులు ఆసుపత్రిలో నెత్తురు కక్కుకుని బుల్లయ్య పోయాడు. ఆ వారమే జాన్ బాషా దగ్గర్నుంచి కార్డు వచ్చింది, పాత్ర వచ్చింది, తీసుకుపొమ్మని.

పెద్దకర్మ రోజు పందిట్లో విస్తళ్ళు వేశారు. అంకయ్య చివరి వరసలో వచ్చి కూర్చున్నాడు. సుబ్బరావమ్మ అన్న చూసి ఉరుకుతూ వచ్చాడు.

"ఏరా, పీకలదాకా పోయించి చంపి, కర్మకూడు తినడానిక్కూడా వచ్చావా? లే!"

"నేను పోయించలేదన్నా. నా పిల్లల మీద ఒట్టు."

"లేవరా!" అని విస్తరి లాగి పారేశాడు. అన్నం మెతుకులు అంకయ్య మోకాళ్ళ మీద పడ్డాయి.

కోటిరత్నం పులుసు గిన్నె పట్టుకుని వరస మధ్యలో ఉంది. గిన్నె కింద పెట్టింది.

"అతను కాదు. నేను పోశాను. నా జాడీలో రసం పులిసింది. అది తాగే వాడికి మళ్ళీ యావ పుట్టింది."

యలమందయ్య, "దానికి మతి చలించింది, లోపలికి తీసుకుపోండమ్మా" అన్నాడు. ఒక ముసలమ్మ ఆమె చెయ్యి పట్టుకుని కళ్ళొత్తుకుంది. "పిచ్చితల్లి! కన్నకొడుకులా పెంచింది. ఎవర్నీ ఒక మాటననివ్వదు, అంతా తన నెత్తిన వేసుకుంటుంది." ఇంకొకామె, "రత్నమ్మ జాడీ పులవడమేంటే, ఎక్కడన్నా ఉందా!" అంది. ఈలోగా అంకయ్య తువ్వాలు దులుపుకుని తల వంచుకుని వెళ్ళిపోయాడు.

చుట్టాలు సర్దుకుని వెళ్ళాక, పొద్దు ఇంకా ఉండగానే, సుబ్బరావమ్మ గోడ ఇవతలికి వచ్చింది. బొట్టు లేని నుదురు. కింద కూర్చోలేదు.

"పందిట్లో అన్నది నిజమేనా అక్కా?"

"నిజమే."

"తెలియక పోశావు. అంతేగా?"

తెలియక, అంటే చాలు. ఊరంతా ఎటూ ఆమెనే వెనకేసుకొస్తోంది.

"ఎనిమిదోరోజు తెలిసింది" అంది కోటిరత్నం.

"తెలిశాక ఎన్ని పూటలు?"

"ఆరు."

సుబ్బరావమ్మ గోడకు చెయ్యి ఆనించింది. "ఆఖరిరోజు ఏమన్నాడు?"

"ఇంకాస్త పొయ్యి వదినా, అన్నాడు."

"పోశావా?"

"జాడీ వంచి పోశాను."

ఏడుస్తుందనుకుంది, జుట్టు పట్టుకుంటుందనుకుంది. అలా అయినా బాగుండేది. సుబ్బరావమ్మ కొంగు నిండా కప్పుకుంది.

"అంకయ్య ఇంటికి పద. నాకు చెప్పినట్టే అక్కడా చెప్పు. మా అన్న చేత తప్పయిందని నేను అనిపిస్తాను. ఆ తర్వాత సంగతి, నాకూ నీకూ మధ్య ఏముంటుందో నాకిప్పుడు తెలియదు."

కోటిరత్నం చెప్పులు వేసుకోవడం కూడా మరిచి ఆమె వెనకాలే నడిచింది. దారిలో ఎదురైనవాళ్ళు పాపం అన్నట్టు తప్పుకున్నారు. అంకయ్య వాకిట్లో మంచం కోళ్ళు బిగిస్తున్నాడు. వీళ్ళను చూసి లేచి నిలబడ్డాడు. అతని భార్య తలుపు దగ్గరే ఆగిపోయింది.

కోటిరత్నం ఈసారి గంప దగ్గర్నుంచి మొదలుపెట్టలేదు, జాడీ దగ్గర్నుంచీ మొదలుపెట్టలేదు.

"ఎనిమిదోరోజు గరిటె నాకాను" అంది.