పంపు తీగ అతుక్కి పూసిన జిగురు

మొన్న భిలాయి పక్క రిసాలిలో హార్డ్‌వేర్ షాపతను కిటికీ అద్దాలకు పూసే జిగురు ట్యూబు మూత తీసి చూపించాడు. వెనిగర్ వాసన గుప్పుమంది. నేను మర్యాదగా రెండడుగులు వెనక్కి వేశాను. అతను అది బేరమనుకుని ధర తగ్గించాడు.

ఆ వాసన వస్తే నాకు మా అక్క మొగుడు గుర్తొస్తాడు. భిలాయి ప్లాంటులో మెయింటెనెన్స్ ఇంజనీరు. ఇంట్లో చెడని వస్తువులను కూడా బాగుచేసేవాడు. ఒక మే నెలలో ఆయన దృష్టి కూలరు తొట్టిలోని చిన్న నీళ్ల పంపు మీద పడింది. దాని తీగ పొట్టి. ఇంకో తీగ కలిపితే కూలరును వరండాలోకి జరపొచ్చు; కాకపోతే అతుకు నీళ్లలో మునిగి ఉంటుంది. కాబట్టి ప్రశ్నంతా జిగురుదే. రెండు ట్యూబులు కలిపి పూసే గట్టి జిగురైతే మర్నాటిదాకా ఆరనివ్వాలి. ఈ వెనిగర్ వాసనదైతే కాసేపట్లో పైన ఆరిపోతుంది. ఆ ఎండల్లో మర్నాటిదాకా ఆగమనడం మానవత్వం కాదు.

"అది కిటికీలకి కదా బావా?"

"కిటికీ మీద వాన పడదేటి? నీళ్లాపుతాది, బస్. చల్, ఈ కొస పట్టుకో."

కొన్నాళ్లు కూలరు చల్లగానే నడిచింది. ఒక ఉదయం నీటిధార సన్నబడింది. బావ స్విచ్ కట్టేసి దానికి ఎర్ర కార్డు తగిలించాడు. ప్లాంటు అలవాటు: కార్డున్న స్విచ్‌ను తగిలించినవాడు తప్ప ఎవరూ ముట్టరు. ఆ ఇంట్లో దేవుడి పటం తర్వాత గౌరవం ఆ కార్డుకే. ఆ కార్డు ధైర్యంతోనే అక్క నిశ్చింతగా, తడి గచ్చు మీద చెప్పుల్లేకుండా, స్టీలు బకెట్టుతో తొట్టి నింపడానికొచ్చింది. నేను ఊరికే ఉండలేక టెస్టరు మొనను ఇనపతొట్టికి ఆనించాను. టెస్టరు పిడిలోని బుల్బు వెలిగింది; అంటే తొట్టిలో కరెంటుంది.

కేక వెయ్యాలనుకున్నాను. నోట్లోంచి వచ్చింది మాత్రం మర్యాదే. "అక్కా, ఆ బకెట్టు కింద పెట్టవా," అన్నాను, వియ్యాలవారితో మాట్లాడినట్టు.

"ఏటిరా, నువ్వు పోస్తావేటి? ఇన్నాళ్లకి బుద్ధొచ్చిందా?" బకెట్టుకీ తొట్టికీ మధ్య మూరెడు దూరం.

"కార్డుంది కదా, ఏటి భయం?" అంటూ బావ ఇటు తిరిగాడు. నేను టెస్టరు చూపించాను. "అక్కడే ఉండు, కదలకు," అన్నాడు అక్కతో, ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. వెళ్లి ప్లగ్గు పీకేశాడు.

ఆ పాత క్వార్టర్లో స్విచ్ తెంపుతున్నది కరెంటు తెచ్చే తీగను కాదు, తిరిగి వెళ్లే తీగను; స్విచ్ కట్టేసినా కరెంటు అతుకుదాకా వస్తూనే ఉంది. అతుకు బయటికి లాగితే జిగురు ఉడికిన పల్లీ తొక్కలా ఊడొచ్చింది. కింద రాగి, నీళ్లు చేరి, పచ్చబడి ఉంది. ప్లాంటులో కార్డు తగిలించాక, కరెంటు నిజంగా పోయిందో లేదో చూడ్డానికి ఒక మనిషి ఉంటాడు. ఇంట్లో ఆ పోస్టు ఖాళీ.

"ఆ గట్టి జిగురే పూయాల్సింది," అన్నాడు బావ.

"తెచ్చి నా మోకాళ్లకి పుయ్యండి, నిలబడట్లేదు," అంది అక్క, గచ్చు మీద కూలబడి.

ఇప్పుడు అక్క ఫోన్లో మనవడి అల్లరి గురించి గంటసేపు చెబుతుంది, నేను ఊఁ కొడుతుంటాను. ఇన్నేళ్లూ ఆ మూరెడు దూరంలోంచే వచ్చాయని మధ్యమధ్యలో గుర్తొచ్చి, ఊఁ కొట్టడం మరిచిపోతాను.