పంతొమ్మిది డిగ్రీల పలక

1999 ఏప్రిల్ 12, సోమవారం. బెంగళూరులో ఎండ మండిపోతోంది. ఇంతటి ఎండ ఎన్నడూ లేదని కాటన్‌పేట పెద్దలు ఏటేటా అనే మాటను ఆ ఏడూ అన్నారు. నేను రెండు బస్సులు మారి, నా పూర్వవిద్యార్థి మహబూబ్ బాషా పనిచేసే అద్దాల మేడకు చేరాను.

మహబూబ్ ఐదేళ్లలో సవర్ణదీర్ఘ సంధికి ఒక్క సరైన ఉదాహరణ చెప్పలేదు. కాని ఏ కిటికీ మూస్తే ఏ బల్ల చల్లబడుతుందో చెప్పగలిగేవాడు. నా కుర్చీ ఎప్పుడూ నీడలో ఉండేది అతని వల్లనే. సంధులు బోధించడంలో నా పద్ధతిని గురించి చెప్పవలసింది చాలా ఉంది, ఇక్కడ వద్దు.

ఇంజనీరై, పెద్ద భవనాలలో కరెంటు వృథాను అరికట్టడం వృత్తిగా చేసుకున్నాడు. ఈ మేడవారు అతనికి మూడు నెలల గడువిచ్చారు. ఏసీల వాడకం ఐదోవంతు తగ్గాలి, ఉద్యోగులు సణగకూడదు. లేకుంటే జిగణిలోని పాత కర్మాగారానికి తిరిగి పోవలసిందే.

అతను చేరేనాటికి లోపల పంతొమ్మిది డిగ్రీలు. అందరికీ స్వెటర్లే. మహబూబ్ వారానికొక డిగ్రీ చొప్పున గుట్టుగా పెంచాడు. అతని కొలమానం, నేల ఊడ్చే మునిలక్ష్మి స్వెటరు. ఇరవై నాలుగు దగ్గర ఆమె దాన్ని విప్పింది. ఒక్కరూ సణగలేదు. అక్కడితో ఊరుకోక, సంబరంగా వాకిట్లో పలక పెట్టించి '24' అని రాయించాడు. మధ్యాహ్నానికి నలభై ఒక్క ఫిర్యాదులు. ఒకాయన అట్టముక్కతో విసురుకుంటూ వచ్చాడట. మేనేజరు రాజగోపాల్ మరునాడే పంతొమ్మిదికి దించమన్నాడు. ఇంకొక్క ఫిర్యాదు వస్తే జిగణే అన్నాడు.

నేను వెళ్లింది గడువు చివరి రోజున. పలకపై '19' చూసి లోపల అడుగుపెట్టగానే నా పళ్లు టకటకలాడాయి. మహబూబ్ తన మఫ్లరు నా మెడకు చుట్టాడు. స్వెటరు తొడుక్కున్న రాజగోపాల్ మీటరు లెక్కను రెండుసార్లు చూశాడు.

"పంతొమ్మిదిలో పెట్టి ఇంత తగ్గించినావంటే నువ్వు మామూలోడివి కాదప్పా" అని ఉద్యోగం ఖాయం చేశాడు.

స్వెటరు లేనిది మునిలక్ష్మి ఒక్కతే. చలి వేయడం లేదా అని అడిగాను.

"ఆ పలక చదివేకి నాకు చదువు రాదు కదా అయివారూ. సుమ్మనే నా పాటికి నేను పని చేసుకుంటా ఉండాను."

జాలిపడి, చదువు నేర్పుతానన్నాను. మహబూబ్ నన్ను తొందరగా బయటికి తీసుకుపోయాడు.

ఎనిమిదేళ్ల తరువాత యలహంకలోని ఇంటి నుంచి అతని ఉత్తరం వచ్చింది. మూడు తప్పులు దిద్ది ఇక్కడ ఇస్తున్నాను.

"అయివారికి నమస్కారాలు. ఆ రోజు నేను మార్చింది పలక మీద అంకెనే, ఏసీని ముట్టుకోలేదు. మీరు వణికింది ఇరవై నాలుగు డిగ్రీలలో. మఫ్లరు మీ దగ్గరే ఉంచుకోండి. ఇన్నేళ్లుగా దాచినాను, ఇంక కుదరదు. మునిలక్ష్మికి మనవరాలు అంకెలు నేర్పింది. సోమవారం నుంచి ఆమె స్వెటరు తొడుక్కొని ఊడుస్తా ఉంది. రేపు రాజగోపాల్ గారికి నిజం చెప్పి, పలక తీయించేస్తాను."