అవ్వ ముక్కూ, అమ్మ అబద్ధాలూ

మొన్న శనివారం పొద్దున మా మనవరాలు ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి, దాని ముందు పీట వేసుకుని కూర్చుంది. ఒక్కొక్క పొట్లాన్నే బయటికి తీసి, వెనక్కి తిప్పి తేదీ చదివి, కొన్నింటిని లోపలికీ కొన్నింటిని చెత్తబుట్టలోకీ పంపిస్తూ ఉంటే, ఏళ్ల తరబడి బడిలో హాజరు పిలిచినదాన్ని కనుక నాకు నవ్వొచ్చింది. హాజరు పలకని పాపానికి అంత పెద్ద శిక్ష నేనెప్పుడూ వేయలేదు. దోసెపిండి పొట్లం ఒకటి బుట్ట వైపు వెళుతుంటే ప్రాణం ఒప్పక, దానికేమైంది, ఒకసారి వాసన చూడరాదా అన్నాను. ఆ పిల్ల నా వంక జాలిగా చూసింది.

"డేట్ నిన్నటితో అయిపోయింది నానమ్మా, ఇంక వాసన చూసేదేముంది?"

నిన్న రాత్రి దాకా బుద్ధిగా ఉన్న పిండి గడియారం చూసుకుని మరీ తెల్లారేసరికి విషమైపోతుందా అని అడగబోయి ఊరుకున్నాను. వైట్‌ఫీల్డ్‌లో కంప్యూటరు ఉద్యోగం చేసే పిల్లతో వాదించి గెలవడం నా వల్ల కాదు. పైగా, వాసన చూడమన్నానే గానీ, ఆ పొట్లం తెచ్చి నా చేతికే ఇచ్చి చూడమంటే నా పరువేమయ్యేదో తలుచుకుంటే నాకే భయం వేస్తుంది. ఈ రెండు మూడేళ్లుగా నా ముక్కు నా మాట వినడం మానేసింది, కాఫీ గ్లాసు పెదవుల దాకా వస్తే తప్ప అది కాఫీ అని ఒప్పుకోవడం లేదు. ఈ సంగతి ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు, మన ఈడువాళ్లు గనుక మీకు చెబుతున్నాను.

నేను పెరిగింది ఈ ఊళ్లోనే, అల్సూరులో ఒక వఠారంలో. వఠారం అంటే ఈ కాలం పిల్లలకు తెలియదు; ఒకే వాకిలి, ఒకే కొళాయి, వాటి చుట్టూ వరసగా చిన్న చిన్న ఇళ్లు, ఒకరింట్లో పోపు వేస్తే అందరిళ్లలోనూ తుమ్ములు. కన్నడం వాళ్లు, అరవం వాళ్లు, మాలాంటి తెలుగు క్రైస్తవులు, అందరం ఆ ఒక్క కొళాయి దగ్గర మూడు భాషల్లో పోట్లాడుకుని మూడు భాషల్లోనూ రాజీపడేవాళ్లం. అవి యాభైల చివరా అరవైల మొదలూ అయిన రోజులు. ఎవరింట్లోనూ ఫ్రిజ్ లేదు. ఏ వస్తువు మీదా తేదీ లేదు. తినేదా పారేసేదా అన్న తగువు వస్తే తీర్చడానికి వఠారం మొత్తానికి ఉన్నది మా అవ్వ ముక్కు ఒక్కటే.

అవ్వ మా నాయనకు అమ్మ. తాత పోయాక మదనపల్లె నుంచి మా ఇంటికి వస్తూ వస్తూనే ఒక షరతు పెట్టిందట, ఊరికే కూర్చుని తినే రోజు వస్తే ఆ రోజే బండెక్కి వెనక్కి పోతానని. వంట చేద్దామంటే ఆమె చేతులు వణికేవి, కుట్టుపని చేద్దామంటే చూపు ఆనేది కాదు. మిగిలింది ముక్కు. దాన్నే ఆమె ఉద్యోగంగా చేసుకుంది. పాలు, దోసెపిండి, నిన్నటి పప్పుచారు, ఏది వచ్చినా గిన్నెను రెండు చేతులా పట్టుకుని, కళ్లు మూసుకుని, మొహం కిటికీ వైపు తిప్పుకుని ఒక్క పీల్పు పీల్చి తీర్పు చెప్పేది. ఎదురింటి కన్నడ అత్త తన చట్నీ తెచ్చేది. మూలింటి అరవ తాత పెళ్లింటి నుంచి కట్టించుకొచ్చిన లడ్లను వారం తర్వాత కూడా తేవడానికి సిగ్గుపడేవాడు కాదు. మా మిషను వాళ్లు పంచిన పాలపొడి డబ్బా మీద ఏవో అంకెలు అచ్చువేసి ఉంటే, అవి తేదీలే అయి ఉంటాయని నాయన అనుమానపడ్డాడు. డబ్బాకు రాయడం వచ్చునేమో గానీ వాసన చూడడం రాదని అవ్వ కొట్టిపారేసింది. ఇక మా ఇంట్లో వయసులో నాకంటే పెద్దదైన నిమ్మకాయ ఊరగాయ జాడీ ఒకటి ఉండేది, నల్లగా తారులా మారి, జ్వరం పడి లేచిన వాళ్ల నోటికి గంజితో అమృతంలా ఉండేది. ఈనాటి వాళ్లు దాని మీద తేదీ వేయాల్సి వస్తే పుట్టినరోజు వేయాలి తప్ప గడువు వేయలేరు.

ఈ రాజ్యంలో ప్రతిపక్షం మా అమ్మ. అమ్మ ఆసుపత్రిలో నర్సు. క్రిముల గురించి చదువుకున్న మనిషి గనుక అమ్మ చదువు ప్రకారం మిగిలినదంతా పారేయాలి; అవ్వ ధర్మం ప్రకారం మిగిలినదేదీ పారేయకూడదు. పెద్దల మాట చద్దన్నం మూట అంటారు గదా, మా ఇంట్లో ఆ మూట పట్టుకుని చెరో కొసా లాగేవాళ్లు. అమ్మ ఎడ్డెమంటే అవ్వ తెడ్డెం. అమ్మ చెడిపోయిందంటే అవ్వకు ఆ గిన్నెలో కొత్త రుచులు కనిపించేవి, అమ్మ పొరపాటున బాగుందంటే అవ్వకు వెంటనే అనుమానం వచ్చేది. మధ్యలో నాయన పేపరు అడ్డం పెట్టుకుని రెండు దేశాల మధ్య సరిహద్దులా కూర్చునేవాడు. నిజం చెప్పాలంటే మాకు ఆ పోట్లాట లేనిదే అన్నం సయించేది కాదు.

అలా ఉండగా ఒక ఏడు ఊరంతా జ్వరాలొచ్చాయి. మా అవ్వకూ వచ్చింది, నల్ల నిమ్మకాయ ఊరగాయే కాపాడిందని ఆమె, మందులే కాపాడాయని అమ్మ వాదులాడుకుంటూ ఉండగానే తగ్గింది. మళ్లీ వంటింటి కిటికీ దగ్గర తన పీట మీద కూర్చుని, ముందు రోజు పప్పుచారు గిన్నె చేతిలోకి తీసుకుని, కళ్లు మూసుకుని, ఒక పీల్పు పీల్చి, బాగుందని తీర్పు చెప్పింది. నేను గడపలో నిలబడి ఉన్నాను. అక్కడికే నాకు దాని కంపు కొట్టింది. అమ్మ ఆ గిన్నె తీసుకుని, ఒకసారి దాని వంకా ఒకసారి అవ్వ వంకా చూసింది. అవ్వ ఓడిపోయిన రోజు అదే కదా, అమ్మ ఎంత సంబరపడుతుందో అనుకున్నాను. అమ్మ గిన్నె పక్కన పెట్టేసింది. కాసేపటికి ఫినాయిలు సీసా మూత తీసి, అవ్వ వెనకగా వెళ్లి, ఆమె చెవి పక్కన పట్టుకుని నిలబడింది. అవ్వ చింతపండులో గింజలు తడిమి తీసుకుంటూ, ఎండ బాగా కాస్తోందని, వడియాలు పెట్టుకోవచ్చని మాట్లాడుతూనే ఉంది. అమ్మ సీసాకు మూత పెట్టేసి, నా వైపు తిరిగి నోటి మీద వేలు పెట్టుకుంది.

ముక్కు పోయిందని చెబితే ఆ ముసలామె మదనపల్లెకు బండెక్కుతుందని, అక్కడ తలుపు తీసే దిక్కు కూడా లేదని అమ్మ ఆ సాయంత్రం నాయనకు మెల్లగా చెబుతుంటే విన్నాను. ఆ మర్నాటి నుంచి మా ఇంట్లో ఒక విచిత్రం మొదలైంది. ప్రతి గిన్నెనూ ముందుగా అమ్మే గుట్టుగా వాసన చూసేది. బాగుంటే, అవ్వ చేతికిస్తూ ఇది చెడిపోయింది అత్తా, పారేస్తానని అనేది. వెంటనే అవ్వ కళ్లు మూసుకుని, పీల్చి, నీ మొహం, బాగుండాది అనేది. నిజంగా చెడిపోయి ఉంటే, ఇది బాగానే ఉంది అత్తా అని ఊరుకునేది, అవ్వ ఒక్క పీల్పుతోనే దాన్ని పారబోయించేది. అత్తాకోడళ్ల పోట్లాటలు కాపురాలు కూల్చడం లోకంలో చూశాం గానీ, ఆ పోట్లాటనే కర్రలా చేతికిచ్చి ఒక మనిషిని నడిపించడం నేను మా అమ్మ దగ్గరే చూశాను.

అయితే దానికి అమ్మ చెల్లించిన మూల్యం తక్కువేమీ కాదు. వఠారంలో వాళ్లు తెచ్చే గిన్నెల దగ్గర కూడా అమ్మ ఇదే నాటకం ఆడాలి, అందరి ముందూ ప్రతిసారీ తప్పు చెప్పాలి. నర్సమ్మకు చదువుందే గానీ పాలు విరిగాయో లేదో కూడా తెలియదని కొళాయి దగ్గర నవ్వుకునేవాళ్లు. ఎదురింటి కన్నడ అత్త అయితే, పాపం ఆసుపత్రిలో రోగుల గతి ఏమిటో అని బాధపడేది. నాకు ఉడుకుమోత్తనం వచ్చి నిజం చెప్పేస్తానంటే అమ్మ నవ్వేది. తెల్లచీర కట్టుకుని, నెత్తిన టోపీ పెట్టుకుని, పెద్ద పెద్ద డాక్టర్ల చేత మెప్పులు పొందే మనిషి, ఇంటికొచ్చి ఆ టోపీ తీసి మేకుకు తగిలించగానే తెలివితక్కువది అయిపోవడానికి ఎలా ఒప్పుకునేదో, ఇప్పుడు తలుచుకుంటే నాకు ఆమె మీద ప్రేమ పొంగుకొస్తుంది.

ఏళ్లు ఇలా గడిచాయి. మా గుడిలో ఏడాదికోసారి కోతపండుగ జరిగేది. మొదటి గుమ్మడికాయ, అరటిగెల, కోడిపుంజు, ఎవరికి కలిగింది వాళ్లు తెచ్చి దేవుడి ముందు పెట్టడం, ఆరాధన అయ్యాక వాటిని వేలంపాట పాడడం, ఒక్క గుమ్మడికాయ కోసం ఇద్దరు మామలు పట్టుదలకు పోయి పాట పెంచుతుంటే అందరం చప్పట్లు కొట్టడం, ఆ సంబరం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. తర్వాత ప్రేమవిందు. ఇంటికో తపేలా వంటకం వచ్చేది. ఎండలో ఉన్న గిన్నెలు కనుక వడ్డనకు ముందు అన్నింటినీ వాసన చూసి పంపడం అవ్వ పని, పక్కన నిలబడి తప్పులు చెప్పడం అమ్మ పని. ఆ జంటను చూడడానికే కొందరు అక్కడ చేరేవాళ్లు.

ఆ ఏడు సగం గిన్నెలు అయ్యాయో లేదో, వేలంపాట జరిగిన చోట ఎవరికో ఎండదెబ్బ తగిలి కళ్లు తిరిగాయని అమ్మను పిలుచుకుపోయారు. సరిగ్గా అప్పుడే అయ్యగారింటి నుంచి పెద్ద తపేలా నిండా ఉర్లగడ్డ కూర, అదే బంగాళాదుంప కూర, వచ్చింది. అయ్యగారంటే మా పాస్టరు గారు. ఆయన భార్యను అందరం అమ్మగారు అనేవాళ్లం. ముందు రోజు సాయంత్రమే వండి పెట్టానని అమ్మగారు గొప్పగా చెప్పి మూత తీశారు. అవ్వ ముక్కు పెట్టింది. కళ్లు మూసుకుంది. విస్తళ్ల ముందు జనం కూర్చుని ఉన్నారు, పిల్లలు అప్పుడే అన్నం గుంట చేసుకుని కూర కోసం ఎదురుచూస్తున్నారు. బాగుందంటే ఊరందరికీ కడుపునొప్పి రావచ్చు, చెడిందంటే మంచి కూరకూ అమ్మగారి పరువుకూ ముప్పు. ఏది అన్నా ఎవరూ ఎదురుచెప్పరు, అంత పేరు ఉన్న ముక్కు అది. అవ్వ కళ్లు తెరిచి, మూత మళ్లీ తపేలా మీద పెట్టేసి, దాని మీద చెయ్యి ఆనించి నిలబడింది.

"మా కోడల్ని రానీండప్పా. ఆమె తప్పు చెప్పకుంటే నాకు నిజం తెలీదు."

జనం గొల్లున నవ్వారు, అవ్వ ఎప్పటిలాగే అమ్మను ఎగతాళి చేస్తోందనుకున్నారు. నాయన మాత్రం నవ్వలేదు. చెయ్యి తుడుచుకుంటూ అప్పుడే వస్తున్న అమ్మ ఆ మాట వినేసింది. వచ్చి, తపేలా మూత ఎత్తి వాసన చూసి, అవ్వ మొహంలోకి చూసింది. అవ్వ కూడా సూటిగా చూసింది. అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి, పెదవుల మీద నవ్వు ఆగడం లేదు, ఆ రెండింటి మధ్యనుంచే గుడి జనం అందరూ వినేట్టుగా గట్టిగా చెప్పింది.

"బాగుండాది అత్తా, వడ్డించమను."

అవ్వ ఈసారి వాసన చూసినట్టు నటించను కూడా లేదు. అయితే పారబోయండప్పా అంది. కూర గుడి వెనక చెత్తగుంటలోకి పోయింది, అమ్మగారు ఆ గుంట దగ్గరికి వెళ్లి చూసి ముక్కు మూసుకుని వచ్చి, అందరికంటే ఎక్కువ నవ్వారు. మేము చారుతో, అప్పడాలతో, కోడికూరతో భోంచేశాం. అంత రుచిగా మళ్లీ ఏ విందూ తినలేదంటే అది వంటవాళ్ల గొప్ప కాదు.

ఇంటికి రాగానే అవ్వ, వణికే చేతులతో, అంతకు ముందెప్పుడూ చేయని పని, కాఫీ కలిపి తెచ్చి మొదటి గ్లాసు అమ్మకిచ్చింది. పాలు ఎట్లుండాయో నువ్వే చూసుకో అని, పీట మీద కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. మర్నాడు పొద్దున అమ్మ యథాప్రకారం దోసెపిండి చెడిపోయిందంది, అవ్వ యథాప్రకారం నీ మొహం అంది. అవ్వ బతికినంత కాలం ఆ పోట్లాట ఒక్కరోజు కూడా ఆగలేదు, ఆమె మదనపల్లె బండి ఎక్కనూ లేదు. అవ్వకు ఎప్పటినుంచి తెలుసని పెద్దయ్యాక అమ్మను అడిగాను. మొదటిరోజు నుంచే తెలిసి ఉంటుందనీ, ముక్కు పోయిన సంగతి అందరికంటే ముందు తెలిసేది ఆ ముక్కున్న మనిషికే గదా అనీ అంది.

ఇదంతా శనివారం సాయంత్రం మా మనవరాలికి చెప్పాను, నా ముక్కు సంగతి ఒక్కటి తప్ప. పొట్లాల మీద తేదీలు తప్పని నేననను. ఆ అంకెల వల్ల ఎన్ని కడుపులు చల్లగా ఉన్నాయో, నర్సు కూతురిని, నాకు తెలియదా. కాకపోతే, ఇప్పుడు అన్నం బాగుందా లేదా అని ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరి కోసం ఎవరూ అబద్ధం చెప్పక్కర్లేదు. అడిగితే పొట్లమే జవాబు చెబుతుంది. ఒక గిన్నె చుట్టూ ఇద్దరు మనుషులు నిలబడే అవసరమే లేకుండా పోయింది, అదే నాకు వెలితి.

మర్నాడు ఆదివారం, నేను గుడి నుంచి వచ్చి కూర్చున్నాను. మనవరాలు పెరుగు పొట్లం తెచ్చి, దాని మీద తేదీ ఉన్న చోట బొటనవేలు అడ్డం పెట్టి పట్టుకుని, నా ముక్కు దగ్గర పెట్టింది. ఇది చెడిపోయినట్టుంది నానమ్మా, పారేయనా అంది. దీనికి ఎలా తెలిసిందో. నేను కళ్లు మూసుకుని, మొహం కిటికీ వైపు తిప్పుకుని గట్టిగా పీల్చాను. ఏ వాసనా తెలియలేదు.

"నీ మొహం, బాగుండాది" అన్నాను.