నేను సగంలో ఆపించిన పాట

నా భార్య మార్త పోయి ఏడాది కావస్తోంది. ఆదివారం చర్చిలో ఆమె జ్ఞాపకార్థం ప్రార్థన ఉంది. దానికోసం నేనే ఒక కీర్తన రాశాను. నేను పాఠాలు చెప్పే బడిలోని హార్మోనియం మీద ఎన్నిసార్లు పాడుకున్నా తాళం కుదిరింది గానీ ప్రాణం రాలేదు. ఏదైనా మంచి వరస దొరుకుతుందేమోనని, శుక్రవారం పొద్దున్నే వరంగల్ నుంచి మా అత్తగారి ఊరికి బయలుదేరాను.

వర్ధన్నపేటకు ఏడింటికి బస్సు, టికెట్టు ఆరణాలు. యుద్ధంవల్ల పెట్రోలు దొరక్క బొగ్గు గ్యాసుతో నడుపుతున్నారు. మిట్ట వచ్చినప్పుడల్లా దిగి నడవాల్సిందే. "జర దిగుండ్రి సారూ, మీరుంటే ఇది ఎక్కదు" అన్నాడు డ్రైవరు, నా పొట్ట వంక చూస్తూ. బస్సంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. చేరేసరికి పది దాటింది. అక్కడినుంచి పల్లెకు పొలాల గట్లమీద గంట నడక.

మా అత్తగారు నాట్లకూలికి పోతుంది. ఆమెకు మార్త ఎప్పుడూ మల్లవ్వే. మా పెళ్ళికి ముందు బాప్తిస్మంలో పేరు మారింది. ఆ పల్లెలో మనిషి పోతే, శవం పక్కన కూర్చుని, పోయినవాళ్ళను పేరు పెట్టి పిలుస్తూ, వాళ్ళు ఏం తినేవారో ఎలా నవ్వేవారో పాటగా చెప్పి ఏడుస్తారు. మార్తను మట్టిలో పెట్టేముందు సమాధి దగ్గర అత్తగారు అదే ఎత్తుకుంది. చిన్నప్పటినుంచి చర్చి పాటల నెమ్మదికి అలవాటుపడ్డ నాకు నలుగురిలో సిగ్గేసింది. "ఊకో అత్తమ్మా, ఈడ అట్ల పాడరు" అన్నాను. ఆమె టక్కున ఆపేసింది.

ఈ శుక్రవారం నాకు జొన్నరొట్టె పెట్టి, నా కీర్తన నాలుగు చరణాలూ ఓపిగ్గా విన్నది.

"మంచిగున్నది అల్లుడా. దేవుడున్నడు, పరలోకమున్నది. నా బిడ్డ ఏది?"

మా పాటల్లో దేవుడితో మాట్లాడతాం, పోయినవాళ్ళతో మాట్లాడం. నా కీర్తనలో మార్త పేరు ఎక్కడా లేదన్న సంగతి నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

"ఆనాడు నువ్వెత్తుకున్న పాట చెప్పు అత్తమ్మా, రాసుకుంట."

"అది చెప్పేది కాదు కొడుకా. బిడ్డ ముఖం చూస్తాంటే వచ్చేది. ముఖం మన్నుల కలిసినంక ఏడికెల్లి వస్తది?"

"మొదలన్న యాదికి లేదా?"

"ఏడాదిసంది చూస్తాన. వస్తలేదు" అని పళ్ళెం తీసుకుని లోపలికి పోయింది.

ఉత్త చేతులతో తిరిగొచ్చాను. ఆమె పద్ధతి గొప్పదా, నాది గొప్పదా అన్న వాదన నాకొద్దు. ఎవరు పెరిగిన ఇంటి పాట వాళ్ళ చెవికి ఇంపు. కానీ నా చెవి ఇంపుకోసం ఒక తల్లి ఏడుపును గొంతులోనే నొక్కేశాను, అది నన్ను నిద్రపోనివ్వడం లేదు. మొదటి చరణంలో మల్లవ్వ అని చేర్చాను. తాళం తప్పుతోంది, అయినా అలాగే ఉంచేశాను. పల్లె పాటలు వినడానికి ఆ దారిన వెళ్ళేవారికి ఒక్క మాట: తిరుగు బస్సు మూడింటికి, ఆ తర్వాత ఇంకోటి లేదు. అది తప్పిపోయినా సరే, పాడే మనిషిని మధ్యలో ఆపకండి.